తలుపు తెరిచారు, మెట్లు కట్టలేదు

2023 నవంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల బరిలో నిలిచిన ముగ్గురు యువ అభ్యర్థులను పక్కపక్కన పెట్టి చూద్దాం. ముగ్గురి వయసూ ఇరవై ఆరు దరిదాపుల్లోనే. పాలకుర్తిలో కాంగ్రెస్ తరఫున పోటీ చేసిన యశస్వినీ రెడ్డి, అప్పటికి ఆరుసార్లు ఎమ్మెల్యేగా గెలిచి మంత్రిగా ఉన్న ఎర్రబెల్లి దయాకర్ రావును 47 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. మెదక్‌లో అదే పార్టీ నుంచి నిలబడిన యువ వైద్యుడు మైనంపల్లి రోహిత్, శాసనసభ మాజీ డిప్యూటీ స్పీకర్ పద్మా దేవేందర్ రెడ్డిపై 10 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. కొల్లాపూర్‌లో స్వతంత్ర అభ్యర్థిగా విజిల్ గుర్తుపై నిలిచిన కర్నె శిరీషకు 5,754 ఓట్లు వచ్చాయి. నాలుగో స్థానం, డిపాజిట్ గల్లంతు. జనం ఆమెను బర్రెలక్కగా ఎరుగుదురు. డిగ్రీలు చదివినా ఉద్యోగాల నోటిఫికేషన్లు రావడం లేదని, అందుకే బర్రెలు కొనుక్కున్నానని ఆమె పెట్టిన చిన్న వీడియో రాష్ట్రమంతా తిరిగింది. దాని మీద పోలీసు కేసు కూడా నమోదైంది.

ఈ మూడు ఫలితాలనూ కలిపి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. కుర్రవాళ్లను జనం నమ్మరన్న మాట నిజం కాదు. నమ్మకపోతే పాలకుర్తి ఓటరు ఆరుసార్లు గెలిచిన నాయకుడిని కాదని ఇరవై ఆరేళ్ల అమ్మాయికి ఓటేసేవాడు కాదు. ఆ ముగ్గురి మధ్య తేడా వయసులో లేదు, పోలింగ్ రోజున పుట్టిందీ కాదు. యశస్విని అత్తగారు ఝాన్సీ రెడ్డి ఆ నియోజకవర్గంలో ఏళ్ల తరబడి సేవా కార్యక్రమాలు చేసి పోటీకి సిద్ధమయ్యారు. పౌరసత్వం చిక్కు అడ్డురావడంతో టికెట్ కోడలికి వచ్చింది. రోహిత్ తండ్రి మైనంపల్లి హనుమంతరావు అప్పటికే ఎమ్మెల్యే. కొడుక్కి టికెట్ ఇవ్వనందుకే ఆయన పార్టీ మారారు. శిరీష వెనుక అలాంటి ఇల్లు లేదు. యువత చట్టసభలకు చేరకపోవడానికి చట్టంలోని వయోపరిమితి అసలు కారణం కాదు, ఓటరు అపనమ్మకమూ కాదు. ఓటు దాకా చేరే దారిలో సామాన్యుడి పిల్లలకు మెట్లు లేవు. ఉన్న కొద్దిపాటి మెట్లనూ మనమే ఒక్కొక్కటిగా ఊడబెరికాం.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. శాసనసభకు పోటీ చేయాలంటే పాతికేళ్లు నిండాలని రాజ్యాంగం 173వ అధికరణ చెబుతోంది. లోక్‌సభకూ అంతే. రాజ్యసభకు, శాసనమండలికి ముప్పై. పంచాయతీకైతే ఇరవై ఒకటి చాలు. ఓటు హక్కు వయసు 61వ రాజ్యాంగ సవరణతో 1989లో 21 నుంచి 18కి తగ్గింది గానీ పోటీకి నిలిచే వయసు మాత్రం అక్కడే ఆగిపోయింది. వయసు మీద చర్చ మనకు కొత్తది కాదు. రాజ్యసభ సభ్యత్వానికి ముప్పై ఐదేళ్లు ఉండాలన్న ప్రతిపాదన రాజ్యాంగ సభ ముందుకు వచ్చినప్పుడు దాన్ని ముప్పైకి తగ్గించాలని సవరణ ప్రతిపాదించినది మన దుర్గాబాయి. వయసు పెరిగినంత మాత్రాన వివేకం పెరుగుతుందన్న నియమం లేదన్నది ఆమె వాదన, సభ దానికి ఒప్పుకుంది. 2023 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం మరో అడుగు ముందుకేసి, లోక్‌సభకు, శాసనసభలకు పోటీ చేసే వయసును పద్దెనిమిదికి తగ్గించాలని సిఫారసు చేసింది. పద్దెనిమిదేళ్లకు అంతటి అనుభవం, పరిణతి ఉంటాయనుకోవడం కుదరదని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది.

వయసు తగ్గించడంలో తప్పు లేదు. బ్రిటన్ 2006లో చట్టం మార్చి పోటీ వయసును 21 నుంచి 18కి దించింది. 2015లో స్కాట్లండ్ నుంచి ఇరవై ఏళ్ల మైరీ బ్లాక్ ఎంపీగా గెలిచారు. ఆ దేశానికి దానివల్ల ఏ చేటూ జరగలేదు. అయినా మన దగ్గర ఆ ఒక్క మార్పుతో ఒరిగేది తక్కువే. పాతికేళ్లు నిండి చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్లే సభల్లో కనబడటం లేదు మరి. మొదటి లోక్‌సభలో నలభై లోపు వయసువారు దాదాపు 26 శాతం. 2024లో ఏర్పడిన పద్దెనిమిదో లోక్‌సభలో నలభై, అంతకు తక్కువ వయసువారు 11 శాతమే. తొలి సభలో సగటు వయసు 46 దాటి కొద్దిగా ఉంటే ఇప్పుడు అది 56కు చేరింది. ఈ డెబ్బై ఏళ్లలో లోక్‌సభకు పోటీ చేసే కనీస వయసు ఒక్క రోజు కూడా పెరగలేదు. అంటే తలుపు అంతే వెడల్పున తెరిచి ఉన్నా లోపలికి వచ్చే యువకులు సగానికి సగం తగ్గిపోయారు. కారణాన్ని తలుపు దగ్గర వెతికితే దొరకదు, దారిలో వెతకాలి.

నామినేషన్ నుంచి పోలింగ్ దాకా

ఆ దారిని ఒక్కసారి దగ్గరగా చూస్తే కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి బీ ఫారం చేతిలో పట్టుకుని వస్తే నామినేషన్ పత్రం మీద ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే సరిపోతుంది. స్వతంత్ర అభ్యర్థికి అదే నియోజకవర్గానికి చెందిన పది మంది ఓటర్ల సంతకాలు కావాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వాలి. అందులో గడులు ఖాళీగా వదిలేసి, రిటర్నింగ్ అధికారి చెప్పాక కూడా నింపకపోతే నామినేషన్ తిరస్కరణకు గురవుతుంది. ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. లెక్కలు రాయడానికి ఇచ్చే రిజిస్టరులో మూడు రంగుల కాగితాలుంటాయి: రోజువారీ ఖర్చుకు తెల్లవి, నగదుకు గులాబీవి, బ్యాంకు లావాదేవీలకు పసుపువి. టీకి ఇంత, సమోసాకు ఇంత, కుర్చీ అద్దెకు ఇంత అని జిల్లా అధికారులు ముందే ధరల పట్టిక ఖరారు చేస్తారు. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే మూడేళ్లపాటు అనర్హత వేటు పడవచ్చు.

ఇవన్నీ ఉండాల్సిన నియమాలే, వాటిని తప్పుపట్టనక్కర్లేదు. తొలిసారి బరిలోకి దిగిన యువ అభ్యర్థిని కుంగదీసేవి వీటి తర్వాత వచ్చేవి. 2023లో తెలంగాణలో నామినేషన్ల ఉపసంహరణ గడువు నవంబరు 15న ముగిసింది. స్వతంత్రులకు గుర్తు దక్కేది ఆ తర్వాతే. ప్రచారం 28 సాయంత్రానికి ఆగిపోయింది. పదమూడు రోజులు. ఆ కాస్త వ్యవధిలో రెండు లక్షలకు పైగా ఓటర్లకు తన పేరూ, మొహమూ, గుర్తూ మూడూ తెలిసేలా చేయాలి. చెయ్యి, కమలం, కారు గుర్తులకు ఆ పని ఏనాడో అయిపోయింది. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో 35 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలున్నాయి. అంటే సగటున నియోజకవర్గానికి దాదాపు మూడు వందలు. ప్రతి బూత్‌లోనూ పొద్దున మాక్ పోలింగ్ నుంచి సాయంత్రం యంత్రాలకు సీలు వేసేదాకా కూర్చునే ఏజెంటు కావాలి. మూడు వందల మంది నమ్మకస్తులను పదమూడు రోజుల్లో ఎవరు సమకూర్చుకోగలరు? ఊరూరా మనుషులున్న పార్టీ సమకూర్చుకుంటుంది. రెండు మూడు తరాలుగా ఊళ్లలో పరిచయాలున్న కుటుంబం సమకూర్చుకుంటుంది. ఒంటరిగా వచ్చిన పట్టభద్రురాలు సమకూర్చుకోలేదు. శిరీష విషయంలో ఇంకొకటి కూడా జరిగింది. ప్రచారంలో ఆమె తమ్ముడిపై దాడి జరిగింది, ఆమె హైకోర్టును ఆశ్రయించాకే పోలీసు భద్రత దక్కింది.

డబ్బు సంగతి విడిగా చెప్పాలి. పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితిని ఎన్నికల సంఘం 2022 జనవరిలో 28 లక్షల నుంచి 40 లక్షల రూపాయలకు పెంచింది. ఈ పరిమితి అభ్యర్థికే గానీ పార్టీకి కాదు. పార్టీ తన పేరున చేసే ప్రచారానికి గానీ, స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణాలకు గానీ హద్దు లేదు. చేతిలో ఏమీ లేని యువకుడికి 40 లక్షలనే పరిమితి అందుకోలేని కొండ. అన్నీ ఉన్నవాడికి అది రిజిస్టరులో రాసుకునే ఒక అంకె. శిరీషకు పుదుచ్చేరి మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు లక్ష రూపాయల విరాళం ఇవ్వడమే అప్పట్లో పెద్ద వార్త అయింది. అదే ఎన్నికల్లో తనిఖీల్లో పట్టుబడిన నగదు, మద్యం, కానుకల విలువ వందల కోట్లు. లక్ష విరాళం వార్త కావడం, వందల కోట్లు మామూలు సంగతి కావడం పక్కపక్కనే జరిగాయి.

టికెట్ దగ్గరా ఇదే తంతు. 2023 ఆగస్టులో తెలంగాణ కాంగ్రెస్ టికెట్ ఆశావహుల నుంచి దరఖాస్తులు పిలిచింది. దరఖాస్తుకు 50,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 25,000. దాదాపు వెయ్యి దరఖాస్తులు వచ్చాయి. బహిరంగంగా దరఖాస్తులు పిలవడం మెచ్చుకోదగ్గదే, చాలా పార్టీలు ఆ పాటి పద్ధతి కూడా పాటించవు. కానీ రాజ్యాంగబద్ధమైన ఎన్నికలో నిలబడటానికి ప్రభుత్వం అడిగే డిపాజిట్‌కు ఇది అయిదు రెట్లు. డిపాజిట్ అయినా ఆరో వంతు ఓట్లు తెచ్చుకుంటే తిరిగి వస్తుంది. చదువు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఇంటి పిల్లలు, దొరుకుతుందో లేదో తెలియని టికెట్‌కు అంత మొత్తం ఎక్కడినుంచి తేగలరు?

ఒకప్పుడు మెట్లుండేవి

ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటే పొరపాటు. 1978 ఫిబ్రవరిలో జరిగిన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తొలిసారి గెలిచినవారిలో చంద్రగిరి నుంచి చంద్రబాబు నాయుడు, పులివెందుల నుంచి వై.ఎస్. రాజశేఖర రెడ్డి, ఉదయగిరి నుంచి వెంకయ్య నాయుడు ఉన్నారు. అప్పటికి ముగ్గురికీ ముప్పై నిండలేదు. తర్వాతి కాలంలో ఇద్దరు ముఖ్యమంత్రులయ్యారు, ఒకరు ఉపరాష్ట్రపతి అయ్యారు. ముగ్గురూ మూడు దారులవారే అయినా వాళ్లను కలిపేది ఒకటుంది: కాలేజీ రోజుల్లోనే విద్యార్థి రాజకీయాల్లో తిరిగినవారు. చంద్రబాబుది తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, వెంకయ్య ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం అధ్యక్షుడు, రాజశేఖర రెడ్డి గుల్బర్గా వైద్య కళాశాలలో విద్యార్థి నాయకుడు. వారికి పదేళ్ల ముందు తరంలో జైపాల్ రెడ్డి ఉస్మానియా విద్యార్థి రాజకీయాల నుంచి వచ్చి ఇరవై ఏడేళ్లకే 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభకు చేరారు. వీరందరూ పేదింటి నుంచి వచ్చారని చెప్పబోవడం లేదు. కొందరికి ఊళ్లో పలుకుబడి ఉన్న కుటుంబాలున్నాయి. కానీ జనం ముందు నిలబడి మాట్లాడటం, ఓట్లు అడగటం, ఓడినా మళ్లీ లేవటం వాళ్లు ఇంట్లో నేర్చుకోలేదు, క్యాంపస్‌లో నేర్చుకున్నారు.

1978లో ఆ అవకాశం ఎందుకు వచ్చిందో కూడా గమనించాలి. ఆ ఏడాది జనవరిలోనే కాంగ్రెస్ రెండుగా చీలింది. రెండు కాంగ్రెస్‌లకూ, జనతా పార్టీకీ కొత్త మొహాలు కావలసి వచ్చాయి. 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టి తొమ్మిది నెలల్లో ఎన్నికలకు వెళ్లినప్పుడూ అంతే. రాజకీయాలతో సంబంధం లేని వైద్యులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు, చదువుకున్న యువకులు సభలో అడుగుపెట్టారు. తెలంగాణ ఉద్యమం మూడో ఉదాహరణ. ఉస్మానియా ఉద్యమ వేదికల మీద ఎదిగిన గాదరి కిశోర్ 2014లో తుంగతుర్తి నుంచి శాసనసభకు, బాల్క సుమన్ పెద్దపల్లి నుంచి లోక్‌సభకు గెలిచారు. పార్టీ కొత్తగా పుట్టినప్పుడో, చీలినప్పుడో, ఉద్యమం ఉప్పొంగినప్పుడో మాత్రమే కొత్తవాళ్లకు దారి ఇస్తోంది. పార్టీ కుదురుకోగానే దారి మూసుకుపోతోంది. ప్రజాస్వామ్యం అలాంటి అదృష్టం కోసం కాచుకుని కూర్చోకూడదు.

ఇక ఊడిపోయిన మెట్ల మాట. తెలుగు రాష్ట్రాల్లోని చాలా విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు దశాబ్దాలుగా లేవు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం లాంటి కొన్ని చోట్ల మాత్రమే నడుస్తున్నాయి. రెండో మెట్టు పంచాయతీ. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి నాటికే ముగిసింది. ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఈ రెండేళ్లలో ఊళ్లను ప్రత్యేకాధికారులు నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరితే 2021 ఫిబ్రవరి దాకా పంచాయతీ ఎన్నికలు లేవు. అయిదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగం 243ఇ అధికరణ స్పష్టంగా చెబుతున్నా ఈ వాయిదాలు ఆగలేదు. పంచాయతీ నిధులు నిలిచిపోయాయన్నది మనకు కనిపించే నష్టం. ఇరవై రెండేళ్ల వయసులో వార్డు మెంబరుగా గెలిచి, గ్రామసభలో తిట్లు తిని, బిల్లుల కోసం మండలాఫీసు చుట్టూ తిరిగి, ముప్పై నాటికి శాసనసభకు తగినంత ఆరితేరాల్సిన ఒక తరం పుట్టకుండా పోయింది. ఆ నష్టం పైకి కనిపించదు.

అభ్యంతరాలకు జవాబు

అనుభవం లేనివాళ్లకు రాష్ట్ర భారం ఎలా అప్పగిస్తామని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. బడ్జెట్ పద్దులు అర్థం చేసుకోవడం, బిల్లులోని సెక్షన్లు చదివి సవరణ పెట్టడం, అధికారి చెప్పే సాకును పట్టుకోవడం నేర్చుకుంటే తప్ప రావు. అయితే వీటిని నేర్పేది వయసు కాదు, పని. ఏ సభలోనూ కూర్చోకుండా యాభై అయిదేళ్లకు తొలిసారి ఎమ్మెల్యే అయిన వ్యాపారికి ఈ విద్యలు ఉన్నాయా అని మనం అడగం. పాతికేళ్ల అమ్మాయిని మాత్రం అడుగుతాం. అడగండి, కానీ ఇద్దరినీ అడగండి. అనుభవం కావాలనేవారే అనుభవం దొరికే చోట్లైన విద్యార్థి సంఘాలను, పంచాయతీలను సకాలంలో నడిపించమని ముందుగా గొంతెత్తాలి. ఈతకొలను ఎండగట్టి ఈత రాదని పిల్లలను తప్పుపట్టడం న్యాయం కాదు.

క్యాంపస్ ఎన్నికలంటే కొట్లాటలు, కత్తిపోట్లు అని భయపడేవారూ ఉన్నారు. ఆ భయానికి ఆధారం ఉంది, ఒకప్పుడు మన క్యాంపస్‌లలో నెత్తురు పారింది. దానికి మందు కూడా సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన లింగ్డో కమిటీ 2006లోనే సూచించింది: వయోపరిమితి, హాజరు నిబంధన, అభ్యర్థికి 5,000 రూపాయల ఖర్చు పరిమితి, నేరచరిత్ర ఉన్నవారికి నిషేధం. ప్రమాదాలు జరుగుతున్నాయని రోడ్లు మూసేయం, వేగానికి హద్దు పెడతాం. ఎన్నికలకూ అదే వర్తించాలి.

యువత పేరుతో చివరికి వచ్చేది వారసులే కదా, అలాంటప్పుడు వయసు గురించి మాట్లాడి లాభమేమిటి అని మరికొందరు అంటారు. వారసులైనంత మాత్రాన పనికిరారని కాదు. ఎర్రన్నాయుడి కుమారుడు రామ్మోహన్ నాయుడు ఇరవై ఆరేళ్లకు శ్రీకాకుళం ఎంపీ అయి, వరుసగా మూడుసార్లు గెలిచి, ముప్పై ఆరేళ్లకు కేంద్రమంత్రి అయ్యారు. ప్రజలు ఓటేసి గెలిపించినవారిని పుట్టుక చూసి తీసిపారేయడం ఆ ఓటును అవమానించడమే. వారసుడికి దొరికే పరిచయం, శిక్షణ, డబ్బు, మనుషులు వారసత్వం లేనివారికి ఇంకెక్కడా దొరకకపోవడమే మన బాధ. ఇల్లు ఒక్కటే మెట్టుగా మిగిలితే సభలో యువత పెరిగినా సభకు వచ్చే ఇళ్ల సంఖ్య పెరగదు.

గెలవని స్వతంత్రులకు ఓటేస్తే వృథాయే కదా అన్న మాట కూడా వింటుంటాం. కొల్లాపూర్‌లో ఆ 5,754 ఓట్లు మొత్తంలో సుమారు 3 శాతం. గెలుపు లెక్కలో అవి చిన్నవే. అయితే ఆ ఏడాది తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో మార్చిలో రద్దై, తిరిగి జూన్‌లో పెడితే సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. లక్షల మంది ఆశలు రెండుసార్లు కూలిన ఆ ఏడాదిలో, ఆ బాధను నామినేషన్ పత్రం మీదికి తెచ్చిన అమ్మాయికి పడిన ఓట్లవి. పెద్ద పార్టీల నాయకులు కూడా తమ సభల్లో నిరుద్యోగం గురించి మాట్లాడక తప్పని వాతావరణం అప్పుడు ఏర్పడింది. అందులో ఆ విజిల్ చప్పుడు కూడా ఉంది. అంతమాత్రాన ప్రతి యువ అభ్యర్థికీ స్వతంత్ర పోటీయే దారి అనడం వారికి మేలు చేయదు. ఒక్కరే కొండెక్కమని చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోవడం అవుతుంది.

చేయాల్సినవి అసాధ్యమైనవి కావు. లింగ్డో నియమాలతో విద్యార్థి సంఘాల ఎన్నికలు మళ్లీ పెట్టాలి. స్థానిక సంస్థల ఎన్నికలను గడువు దాటనివ్వకూడదు. పార్టీలు దరఖాస్తు రుసుము తగ్గించి, పంచాయతీలో, మండలంలో పనిచేసిన రికార్డును టికెట్‌కు కొలమానంగా తీసుకోవాలి. అభ్యర్థులకు ప్రభుత్వమే కొంత సాయాన్ని వస్తురూపంలో అందించాలని ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లో చెప్పిన మాటను బీరువాలోంచి తీయాలి. ఈ పనులు జరిగాక పోటీ వయసు పద్దెనిమిదో, ఇరవై ఒకటో అన్న చర్చకు అర్థం ఉంటుంది.

2025 డిసెంబరులో తెలంగాణ పల్లెల్లో గెలిచిన సర్పంచుల్లో, వార్డు మెంబర్లలో ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవారు ఎవరున్నా 2028 చివరలో శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి వారికి పాతికేళ్లు నిండుతాయి. వీధి దీపాల కోసం, తాగునీటి పైపుల కోసం మూడేళ్లు పోరాడిన అనుభవమూ ఉంటుంది. చట్టం వారిని ఆపదు. వారిలో ఎందరి పేర్లు పార్టీల పరిశీలన జాబితాకు ఎక్కుతాయో చూడాలి. రేపు యువ అభ్యర్థి ఎవరైనా మన గుమ్మం ముందుకు వచ్చి చేతులు జోడిస్తే, వయసెంత అని అడగడంతో ఆగిపోకుండా, ఇప్పటిదాకా ఏ పని చేస్తూ వచ్చావు బిడ్డా అని అడగడం మనం అలవాటు చేసుకోవాలి. ఆ ప్రశ్న ఇంటింటా వినపడితే, దానికి జవాబు చెప్పగలిగినవాళ్లను వెతుక్కుంటూ పార్టీలే పల్లెలకు రావలసి ఉంటుంది.